తుపాను దెబ్బతిన్న పట్టణాల పునర్నిర్మాణంపై విదేశీ విద్యార్థులతో కలిసి ప్రాజెక్టు ఎలా చేయాలి: శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థులకు ఒక మార్గదర్శిని

ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటాయి. గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం, గోపాల్‌పూర్‌ల మధ్య దాటింది. మీ ప్రాజెక్టు క్యాలెండరును ఈ తేదీలే నిర్ణయిస్తాయి. పటం, సర్వే ఫారం, శిక్షణ పొందిన జట్టు సెప్టెంబరు మొదటి వారానికల్లా సిద్ధంగా ఉండాలంటే పని జనవరిలో మొదలు కావాలి. తుపాను వచ్చాక విదేశీ విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాసి, అనుమతులు తెచ్చుకుని, యాప్ తయారు చేద్దామనుకునే జట్టు ఎంత తెలివైనదైనా ఊరికి పనికొచ్చే సమయానికి చేరుకోలేదు. ఇక్కడ చెప్పే క్రమం ఎచ్చెర్ల, టెక్కలి, రాజాం, విజయనగరం పరిసరాల ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ కళాశాలల్లో చదివే మీరు ఒక విద్యాసంవత్సరంలో పూర్తి చేయగలిగినది. ఉదాహరణకు పలాస-కాశీబుగ్గ జంట పట్టణాన్ని తీసుకున్నాను. శ్రీకాకుళమైనా, ఇచ్ఛాపురమైనా, విజయనగరమైనా పద్ధతి మారదు.

ముందుగా ప్రశ్నను కుదించుకోండి

“విపత్తు పునర్నిర్మాణంలో కృత్రిమ మేధ వినియోగం” అనే శీర్షిక సెమినారుకు సరిపోతుంది కానీ పట్టణానికి సరిపోదు. పురపాలక ఇంజనీరు తుపాను మర్నాడు నిజంగా వేసుకునే ప్రశ్న ఒకటి వెతకండి. “ఏ వార్డులో ఎన్ని రేకుల ఇళ్లకు కప్పు పోయింది, వాటిలో గోడలు నిలిచినవి ఎన్ని?” అన్నది అలాంటి ప్రశ్న. గోడ నిలిచిన ఇంటికి రేకులు, గొట్టాలు, హుక్కులు చాలు. గోడ కూడా పడిన ఇంటికి పునాది దగ్గర నుంచి లెక్క వేయాలి. ఈ రెండు సంఖ్యలు వేరుగా దొరికితే సామగ్రి జాబితా, మేస్త్రీల అవసరం, తాత్కాలిక వసతి అన్నీ వేరుగా తేలుతాయి.

ఆ ప్రశ్న మీకు దొరికే చోటు గ్రంథాలయం కాదు, వార్డు సచివాలయం. అక్కడి వసతుల కార్యదర్శులు, ప్రణాళిక కార్యదర్శులు గత తుపానుకు నష్టం ఎలా నమోదు చేశారో, ఎక్కడ చిక్కుపడ్డారో అడిగి తెలుసుకోండి. విపత్తు సహాయ నిబంధనలు ఇళ్లను పక్కా, కచ్చా, గుడిసె అని విడదీసి, నష్టాన్ని పూర్తి, తీవ్ర, పాక్షిక స్థాయులుగా చూస్తాయి. పాక్షిక నష్టంగా లెక్కించాలంటే కనీసం 15 శాతం దెబ్బతిని ఉండాలి. మీరు సేకరించే వివరాలు ఈ వర్గాల్లోకి నేరుగా మారేలా ఉంటేనే అధికారి వాటిని చేతిలోకి తీసుకుంటారు. మీ సొంత వర్గీకరణ ఎంత శాస్త్రీయంగా ఉన్నా, అందులోంచి ఈ వర్గాలకు దారి లేకపోతే అది ప్రాజెక్టు రిపోర్టులోనే ఉండిపోతుంది.

భాగస్వామిని ఎంచుకోవడం

పేరున్న దేశం అని కాకుండా, మీకు తెలియనిది వారికి, వారికి తెలియనిది మీకు తెలిసిన చోటు చూడండి. నేపాల్ నాకు మొదట తట్టే దేశం. 2015 ఏప్రిల్ 25 నాటి 7.8 తీవ్రత భూకంపం తర్వాత కాఠ్మండూ లివింగ్ ల్యాబ్స్ అనే స్థానిక బృందం, ఎవరైనా దిద్దగల ఉచిత ప్రపంచ పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద దేశవిదేశాల స్వచ్ఛంద సేవకులతో పటాలు గీయించింది. భూకంపానికి ముందే వారు కాఠ్మండూ లోయలోని పాఠశాలలను, ఆసుపత్రులను పటంలోకి ఎక్కించి ఉండటం వల్లే ఆ పని అంత త్వరగా సాగింది. జపాన్‌లో 1995 జనవరి 17 నాటి కోబె భూకంపం, 2011 మార్చి 11 నాటి భూకంపం, సునామీల తర్వాత పునర్నిర్మాణం విశ్వవిద్యాలయాల్లో నిత్యం బోధించే విషయమైంది. తుర్కియేలో 2023 ఫిబ్రవరి 6 నాటి జంట భూకంపాలు కూల్చిన అంతాక్యా వంటి నగరాలు మన కళ్లముందే లేస్తున్నాయి.

అయితే ఈ మూడు దేశాల అనుభవమూ ప్రధానంగా భూకంపానిది, మనది గాలిది. ఉమ్మడి ప్రాజెక్టుల్లో చాలామంది తేలిగ్గా దాటిపోయే తేడా ఇదే కనుక దీని దగ్గర కొంత ఆగాలి.

భూకంపం వచ్చినప్పుడు ఇంటి మీద పడే బలం ఆ ఇంటి బరువును బట్టి పెరుగుతుంది. కోబెలో పాత కొయ్య ఇళ్లు కూలడానికి వాటి మీది బరువైన పెంకు కప్పులు ఒక ముఖ్య కారణం. అందుకే నేపాల్ విద్యార్థి, జపాన్ విద్యార్థి సహజంగానే “కప్పు తేలికగా ఉండాలి” అంటారు. తుపాను గాలి కప్పును పైకి లాగుతుంది. భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖపట్నానికి ఇచ్చిన మౌలిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగం దగ్గర ప్రతి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల బరువుకు సమానమైన ఒత్తిడి పుడుతుంది. సిమెంటు రేకు సొంత బరువు చదరపు మీటరుకు 20 కిలోల లోపే. కాబట్టి ఆ రేకును నిలబెట్టేది దాని బరువు కాదు, దాన్ని గొట్టానికి పట్టి ఉంచే జె-హుక్కు, ఆ గొట్టాన్ని గోడకు పట్టి ఉంచే కట్టు. ఒక చోట మేలు చేసిన సలహాను ఇంకో చోట అలాగే అమలు చేస్తే నష్టం జరుగుతుంది.

రెండు విపత్తులకూ పనికొచ్చేది కట్టు. పునాది నుంచి కప్పు దాకా బలం తెగిపోకుండా దిగే దారి, గోడల చుట్టూ తిరిగే కాంక్రీటు పట్టీ, మూలల్లో నిలువు ఇనుప కడ్డీలు అటూ పనికొస్తాయి, ఇటూ పనికొస్తాయి. ఉమ్మడి జట్టు మొదటి రెండు సమావేశాలను ఈ ఒక్క చర్చకే కేటాయించండి. ఇరువైపుల విద్యార్థులూ తమ ఊరి ఇంటి అడ్డుకోత బొమ్మను చేత్తో గీసి, బలం ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో బాణాలతో చూపిస్తే సరిపోతుంది. ఆ బొమ్మలు పక్కపక్కన పెట్టినప్పుడు కుదిరే అవగాహన పెద్ద స్లైడ్ షోలతో కుదరదు.

ఉత్తరం రాసేటప్పుడు మీ ప్రశ్న ఏమిటో, ఏ పట్టణమో, మీ జట్టులో ఏ విభాగాల వారు ఉన్నారో, భాగస్వాముల నుంచి ఏం కోరుతున్నారో, ఏ నెల నుంచి ఏ నెల దాకానో ఒక పేజీలో రాసి, విభాగాధిపతి సంతకంతో పంపండి. 2015లో మొదలైన యూత్‌మ్యాపర్స్ అనే, పటాలు గీసే విద్యార్థుల సమాఖ్యకు అనేక దేశాల్లో శాఖలు ఉన్నాయి. మీ కళాశాలలో ఒక శాఖ పెట్టుకుంటే ఉత్తరం ఎవరికి రాయాలో వెతుక్కునే పని తగ్గుతుంది. ఇక జట్టులో సివిల్ విభాగం వారు తప్పక ఉండాలి. కంప్యూటర్ విభాగం వారే నిండిన జట్టు చివరికి ఒక యాప్ ఇస్తుందే తప్ప ఇల్లు ఎందుకు పడిందో చెప్పదు.

చట్టం ఒప్పుకునేది ఏమిటో ముందే తెలుసుకోండి

ఇది విసుగు పుట్టించే భాగమే, కానీ ప్రాజెక్టులు ఆగిపోయేది ఇక్కడే. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం విడుదల చేసిన భూస్థానిక సమాచార మార్గదర్శకాలు భారతీయులకు పటాల తయారీలో చాలా స్వేచ్ఛ ఇచ్చాయి. అడ్డంగా ఒక మీటరు, ఎత్తులో మూడు మీటర్ల కన్నా సూక్ష్మమైన కచ్చితత్వం గల సమాచారాన్ని మాత్రం భారతీయ సంస్థలే సేకరించాలి, మన దేశంలోనే నిల్వ ఉంచాలి. డ్రోను ఫొటోలతో కుట్టిన పటానికి, నేల మీద కచ్చితమైన గుర్తులు పెట్టి కొలిస్తే, ఆ పరిమితి దాటడం సులువు. కాబట్టి అలాంటి ముడి సమాచారం మీ కళాశాల సర్వరులోనే ఉంచి, విదేశీ భాగస్వాములకు వార్డులవారీ మొత్తాలు, ఇళ్ల రకాల పట్టికలు, పేర్లు తీసేసిన ఫొటోలు మాత్రమే పంపే ఏర్పాటు చేసుకోండి. దీన్ని ఒప్పంద పత్రంలోనే రాసుకుంటే తర్వాత మొహమాటం ఉండదు.

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం డ్రోనుకు గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. రెండు కిలోల లోపు డ్రోనును వ్యాపారేతర పనికి ఎగరేయడానికి పైలట్ లైసెన్సు అక్కరలేదు. ఎగరేసే ముందు డిజిటల్ స్కై అనే ప్రభుత్వ పటంలో ఆ చోటు ఆకుపచ్చ మండలంలో, అంటే ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగల చోట ఉందో లేదో చూసుకోవాలి. విమానాశ్రయాలు, నౌకాదళ స్థావరాల చుట్టుపక్కల ఈ జాగ్రత్త మరీ అవసరం. విదేశాల నుంచి తయారైన డ్రోన్ల దిగుమతిపై 2022 ఫిబ్రవరి నుంచి నిషేధం ఉంది కనుక, భాగస్వామి “మా డ్రోను తెస్తాం” అంటే వద్దని చెప్పండి. శాటిలైట్ ఫోన్లు, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే చేతి పరికరాలు కూడా ముందస్తు అనుమతి లేకుండా మన దేశంలోకి తేకూడదు. పర్యాటక వీసా మీద వచ్చి ఇంటింటి సర్వేలో పాల్గొనడం కుదరదు.

డబ్బు విషయం ఇంకా సూటిగా చెప్పాలి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు గానీ, ముందస్తు అనుమతి గానీ లేని సంఘం విదేశీ సంస్థల నుంచి విరాళం తీసుకోకూడదు. పరికరాలు కూడా విరాళం కిందికే రావచ్చు. ఎవరి ఖర్చు వారే పెట్టుకునే ప్రాజెక్టు అన్నిటికన్నా సుఖం.

పటం గీయడం

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఖాతా తెరిచి, పట్టణాన్ని వార్డులుగా, వార్డును గళ్లుగా విడదీయండి. ఈ విభజనకు హ్యుమానిటేరియన్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ బృందం నడిపే టాస్కింగ్ మేనేజర్ అనే వేదిక ఉంది. ఒకరు గీసిన గడిని ఇంకొకరు సరిచూసే ఏర్పాటు అందులోనే ఉంటుంది. విదేశీ భాగస్వాముల వల్ల మీకు వెంటనే కలిగే లాభం ఇదే. ఉపగ్రహ చిత్రం మీద ఇళ్ల అంచులు గీయడానికి పలాస రానక్కరలేదు. ముప్పై మంది రెండు వారాంతాలు కూర్చుంటే ఒక చిన్న పట్టణం పని గణనీయంగా సాగుతుంది.

అయితే ఉద్దానం అంచున ఉన్న పట్టణంలో వారికి ఒక చిక్కు ఎదురవుతుంది. కొబ్బరి, జీడి తోటల నీడలో ఉన్న ఇల్లు పై నుంచి కనబడదు. తోట మధ్యలో కాస్త బూడిద రంగు మచ్చ కనిపిస్తే అది రేకుల కప్పో, వట్టి నేలో దూరాన కూర్చున్నవారికి తెలియదు. తిత్లీ వంటి గాలికి చెట్లు కూలినచోట ఇంకో తిరకాసు పుడుతుంది. తుపానుకు ముందు చిత్రంలో కనబడని ఇల్లు తర్వాతి చిత్రంలో బయటపడుతుంది. రెండు చిత్రాలను పోల్చే ప్రోగ్రాము అక్కడ కొత్త ఇల్లు కట్టారని చెప్పినా ఆశ్చర్యపోనక్కరలేదు. అందువల్ల తోటల కింద ఉన్న వీధులను పూర్తిగా మీరే కాలినడకన తిరిగి గుర్తించాలి. ఆ గళ్లను విదేశీ జట్టుకు ఇవ్వకండి.

పేర్ల పని కూడా మీదే. వీధి, చెరువు, గుడి, జీడిపప్పు బట్టీల వరుస, రామమందిరం పక్క సందు, ఇవన్నీ స్థానికులు పిలిచే పేరుతో తెలుగు లిపిలో ఎక్కించండి. అర్ధరాత్రి ఫోను చేసినవాడు జీపీఎస్ అంకెలు చెప్పడు, “వాటర్ ట్యాంకు ఎదురు సందు” అంటాడు.

సర్వే ఫారం

కోబోటూల్‌బాక్స్ గానీ, ఓడీకే గానీ వాడండి, ఇవి ఫోనులో సర్వే ఫారాలు నింపే సాధనాలు. రెండూ సిగ్నలు లేకపోయినా ఫోనులో పనిచేస్తాయి, సిగ్నలు వచ్చాక పంపుతాయి. ఫారం తెలుగులో తయారు చేసి, తర్వాత ఇంగ్లిషులోకి మార్చి భాగస్వాములకు పంపండి. ఆ వరుస తిరగబడితే ఇంటివారికి అర్థం కాని ప్రశ్నలు పుట్టుకొస్తాయి.

ప్రశ్నలు ఇరవైకి మించనివ్వకండి. కప్పు దేనితో వేశారు: తాటాకు, నాటు పెంకు, బంగాళా పెంకు, సిమెంటు రేకు, ఇనుప రేకు, శ్లాబు. గోడ దేనితో కట్టారు: మట్టి, ఇటుక-మట్టి, ఇటుక-సిమెంటు, రాయి. కింద ఆనింది కర్ర వాసమా, ఇనుప గొట్టమా. చూరు గోడ దాటి ఎంత బయటికి వచ్చింది. వసారా కప్పు అసలు ఇంటి కప్పుతో కలిసి ఉందా, విడిగా ఉందా. ఈ చివరి రెండూ చిన్నగా కనిపించినా గాలి మొదట పట్టుకునేది చూరునే, వసారానే. కలిపి వేసిన వసారా లేచినప్పుడు ఇంటి కప్పును కూడా వెంట లాక్కుపోతుంది.

ఇక హుక్కుల సంగతి. నిచ్చెన వేసుకుని ఒక కప్పునైనా దగ్గరగా చూడండి. రేకు రంధ్రంలోంచి దిగిన జె-హుక్కు గొట్టాన్ని పట్టుకుంటుంది, పైన తారు వాషరు, ఇనుప వాషరు, నట్టు ఉంటాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మొదట తుప్పు పట్టేది ఆ నట్టు కింద, కంటికి కనబడని మర దగ్గర. వేలితో కదిపితే ఊగే హుక్కు గాలికి ఆగదు. డబ్బు మిగలాలని ప్రతి గొట్టం దగ్గర కాకుండా ఒకటి విడిచి ఒకటి హుక్కు వేయడం కూడా కనబడుతుంది. కాబట్టి ఫారంలో “హుక్కుల మధ్య దూరం ఎంత”, “ఊగుతున్నాయా” అన్న రెండు గళ్లు, ఒక దగ్గరి ఫొటో తప్పనిసరి చేయండి. అయితే సిమెంటు రేకు మీద కాలు పెట్టకండి, అది ఉన్నట్టుండి పగులుతుంది.

ఇంటివారితో మాట్లాడేటప్పుడు “అమ్మా, మేం కాలేజీ పిల్లలం, పథకం రాయడానికి రాలేదు” అని మొదటే చెప్పాలి. లేకపోతే పరిహారం వస్తుందన్న ఆశతో జవాబులు మారతాయి. ఆశ పెట్టి వెళ్లిపోవడం అంతకన్నా పెద్ద తప్పు. “మీ ఇంటికి రేకులు ఎప్పుడు మార్చారమ్మా?” అంటే సంవత్సరం గుర్తుకు రాకపోవచ్చు. “తిత్లీకి ముందా, తర్వాతా?” అంటే వెంటనే చెబుతారు. పేరు, ఫోను నంబరు, ఆధార్ అడగనే అడగకండి, డోర్ నంబరు చాలు. అది కూడా మీ కళాశాల దాటకూడదు.

భూకంప నష్టానికి ఐరోపాలో వాడే ఐదు అంచెల ఇఎమ్ఎస్-98 కొలమానాన్ని భాగస్వాములు సూచించవచ్చు. అది నేల కంపనానికి గోడలు ఎలా పగులుతాయన్న దానిపై కట్టిన కొలమానం. కప్పు మొత్తం ఎగిరిపోయి గోడకు బీట కూడా పడని మన రేకుల ఇంటికి అందులో సరైన చోటు లేదు. కప్పుకు ఒక అంచె, గోడకు ఒక అంచె విడివిడిగా రాసుకోవడం మేలు.

యంత్రాలు, ప్రోగ్రాములు ఎంతవరకు

యూరప్ నడిపే సెంటినెల్-1 ఉపగ్రహం రాడారుతో చూస్తుంది కనుక మబ్బుల్లోంచి కూడా వరద నీటిని పసిగట్టగలదు, చిత్రాలు ఉచితం. నాగావళి, వంశధార పొంగినప్పుడు ఏ పొలాలు మునిగాయో దానితో తెలుస్తుంది. ఇరుకు సందుల్లో నిలిచిన నీళ్లు మాత్రం దానికి సరిగా అందవు. ఇస్రో నడిపే ఉపగ్రహ పటాల వేదిక భువన్ను కూడా పక్కన పెట్టి పోల్చుకోండి.

ఇళ్ల నష్టాన్ని చిత్రాల నుంచి గుర్తించే ప్రోగ్రాములకు శిక్షణ ఇవ్వడానికి 2019లో విడుదలైన ఎక్స్‌బీడీ అనే సమాచార నిధి ఉంది. అందులో ఎనిమిదిన్నర లక్షలకు పైగా భవనాలను నాలుగు నష్టస్థాయులుగా గుర్తించారు. భాగస్వాములు దానితో మొదలుపెడతామంటే పెట్టనివ్వండి. ఫలితాన్ని మాత్రం మీరు నడిచి చూసిన రెండు వీధులతో సరిపోల్చకుండా ఎవరికీ చూపకండి. సరిపోలని ఇళ్ల జాబితాయే ఆ భాగస్వామ్యంలో అసలు పరిశోధన అవుతుంది.

కరెంటు, సెల్ టవర్లు పోయినప్పుడు సందేశాలు పంపడానికి లోరా (తక్కువ కరెంటుతో ఎక్కువ దూరం చేరే) రేడియో పరికరాలు తయారు చేయాలనుకునేవారు ఒక్కటి గమనించండి. మన దేశంలో లైసెన్సు అక్కరలేని పట్టీ 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంది, జపాన్‌లో అది 920 ప్రాంతంలో ఉంది. అక్కడ కొన్న మాడ్యూలు ఇక్కడ వాడకూడదు. ప్రోగ్రాము పంచుకోండి, పరికరం ఎవరిది వారే కొనుక్కోండి.

సమావేశాలు

కాఠ్మండూ మనకన్నా పదిహేను నిమిషాలు, జపాన్ మూడున్నర గంటలు ముందు ఉంటాయి. తుర్కియే రెండున్నర గంటలు వెనక. నేపాల్‌లో వారపు సెలవు శనివారం. జపాన్‌లో విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కనుక మార్చిలో అక్కడి జట్టు మారిపోవచ్చు. మన దసరా, నేపాల్ వారి దశైం ఒకే రోజుల్లో వస్తాయి, తుపాన్లూ అప్పుడే వస్తాయి. ఆ రోజుల్లో ఎవరు ఊళ్లో ఉంటారో పేర్లతో సహా ముందే రాసి పెట్టుకోండి. ప్రతి సమావేశం తర్వాత ఏం నిర్ణయించామో నాలుగు వాక్యాల్లో రాసి ఇరువైపులా ఉంచుకుంటే ఉచ్చారణ అర్థం కాక పోయినవి కూడా దొరుకుతాయి.

అప్పగింత, తుపాను తర్వాత పని

ఆగస్టు చివరికి వార్డుకొక పటాన్ని పెద్ద కాగితం మీద ముద్రించి పురపాలక కమిషనరు కార్యాలయానికి, వార్డు సచివాలయాలకు ఇవ్వండి. కప్పు రకాన్ని బట్టి రంగులు, వార్డువారీ మొత్తాలు అంచున ఉండాలి. కరెంటు లేని రోజు అక్కరకొచ్చేది కాగితమే. ఆసుపత్రులు, పాఠశాలలు, తుపాను ఆశ్రయ భవనాలను వేరుగా గుర్తించండి. తూర్పు తీరంలో సముద్రానికి 60 కిలోమీటర్ల లోపు ఇలాంటి అత్యవసర భవనాలకు గాలి వేగాన్ని 1.30 రెట్లు చేసి లెక్కించమని ఐఎస్ 875 చెబుతుంది. ఒత్తిడి వేగపు వర్గంతో పెరుగుతుంది కనుక అది దాదాపు 1.69 రెట్లు అవుతుంది. ఆశ్రయ భవనానికి ఇనుప రేకుల వసారా తగిలించి ఉంటే ఇంజనీరు దృష్టికి తీసుకెళ్లండి.

తుపాను దాటాక మొదటి రెండు మూడు రోజులు వీధుల్లోకి దిగకండి. తెగిన తీగలు, సగం ఊడిన రేకులు ఉంటాయి, సహాయ సిబ్బంది దారికి అడ్డం పడతారు. అధికారుల అనుమతి లేకుండా డ్రోను అసలే ఎగరేయకండి. ఆ రోజుల్లో విదేశీ జట్టు కొత్త ఉపగ్రహ చిత్రాలను మీ పటంతో పోల్చి, ఎక్కువ దెబ్బతిన్నట్టు కనిపించే గళ్ల జాబితా పంపుతుంది. మీరు సచివాలయ సిబ్బంది వెంట ఆ గళ్లకే ముందు వెళ్లి, అదే ఫారంతో అవే ఇళ్లను మళ్లీ నమోదు చేయండి. హుక్కులు ఊగిన ఇళ్లు ఎన్ని పోయాయి, గట్టిగా ఉన్నవి ఎన్ని నిలిచాయి అన్న పోలిక అప్పుడు చేతికొస్తుంది.

ఆ తర్వాత వేసవిలో మూడోసారి వెళ్లాలి. కొత్తగా వేసిన కప్పుల్లో హుక్కుల దూరం తగ్గిందా, వసారా విడదీశారా అన్నది చూసి, ఆ లెక్కను ఊరి మేస్త్రీల ముందు పెట్టి మాట్లాడండి. అప్పటికి మీలో చివరి సంవత్సరం వారు వెళ్లిపోయి ఉంటారు కనుక, సర్వే ఖాతాలు, పటాల సంకేతపదాలు, భాగస్వాముల చిరునామాలు ఎవరి సొంత మెయిల్ మీదా కాకుండా విభాగం మెయిల్ మీద ఉంచి, రెండో సంవత్సరం విద్యార్థులు ఇద్దరిని మొదటి సర్వే నుంచే వెంట తిప్పుకోండి.